నాగమ్మకు నెన్ని ముఖములు?



ముఖము చదువుట యను విద్యను ఇల్లాలికి వేరొకరు నేర్పనక్కరలేదు. బడినుండి వచ్చిన బిడ్డ సంచిని దించిన తీరు చూచియే పరీక్ష యెట్లు వ్రాసెనో గ్రహింతుము. అత్తగారి మౌనములలో కోపపు మౌనమేదో, మోకాళ్లనొప్పి మౌనమేదో యిట్టే పోల్చుకొందుము. ఇట్టి విద్య మనకు వంటయింటనే అబ్బియుండగా, బొమ్మలకు ముఖభావములు సమకూర్చుట పట్టణములలోని చిత్రకారులకే చెల్లుననుకొని మనమేల వెనుదీయవలయును? మా యింట నిప్పుడు జరుగుచున్న అట్టి ప్రయత్న మొకదానిని మీకు విన్నవింపదలచితిమి.

తొమ్మిదవ తరగతి చదువుచున్న మా పెద్దమ్మాయి యొక దృశ్యనవలను తయారుచేయ సంకల్పించినది. దీనినే విజువల్ నావెల్ అందురు. చూడనివారికై రెండు మాటలు చెప్పెదము. కంప్యూటరు తెరమీదగాని ఫోనుమీదగాని వెనుక నొక దృశ్యము కానవచ్చును. రాజసభయో, ఏటియొడ్డో కావచ్చును. దానిముందు పాత్ర నిలిచియుండును. ఆ పాత్ర పలుకులు క్రింద నక్షరములుగా వచ్చును. వ్రేలితో తాకినకొలది కథ ముందునకు సాగును. నడుమనడుమ ఇట్లు చేయుదునా, అట్లు చేయుదునా యని చదువరియే తేల్చుకొనవలసి యుండును. ఆ యెంపికనుబట్టి కథ మలుపు తిరుగును. జపాను దేశమున యూజీ హోరీ యనునతడు 1983 లో వెలువరించిన పోర్టోపియా యను హత్యాపరిశోధన కథ యిట్టివానికి పూర్వరూపము. లీఫ్ అను సంస్థ 1996 నుండి తన కథలకు విజువల్ నావెల్ అను పేరు వాడినది. 2004 లో టామ్ రోథామెల్ అను నాతడు రెన్‌పై యను సాధనమును ఉచితముగా లోకమున కిచ్చినందున, మావంటి బడిపంతుళ్ల యిండ్లలోని పిల్లలకు సైతము ఈ పని సాధ్యమైనది.

కథ యేది యను ప్రశ్నకు మాకు వెదకులాట లేకపోయినది. కారెంపూడి రణక్షేత్రమునుండి వచ్చు నాగులేరే మా దాచేపల్లి ప్రక్కగా పారి కృష్ణలో కలియును. మా సమీపమునందలి గామాలపాడు నాయకురాలు నాగమ్మ యూరని పల్నాటివారు చెప్పుకొందురు. గురజాల నలగామరాజునకు మంత్రిణియైన నాగమ్మ యొకవైపు, మాచెర్ల మలిదేవునకు అండయైన బ్రహ్మనాయుడు మరియొకవైపు. కోడిపోరు, వలస, అలరాజు రాయబారము, తుదకు 12వ శతాబ్దినాటి ఘోరయుద్ధము. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911 లో ప్రకటించిరి. అలిసెట్టి గాలెయ్యగారు పాడిన కథను 1974 లో సేకరించి, జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు 1982 లో ఆంగ్లగ్రంథముగా వెలయించెను. మావారు ఈ గ్రంథములనుగూర్చి చెప్పుచుండగా, మా యత్తగారు తాము చిన్ననాట విన్న కథను తమ ధోరణిలో చెప్పుచుండగా, అమ్మాయి రెంటిని కలిపి పదునొకండు ఘట్టములు వ్రాసికొన్నది.

ఇక బొమ్మల ప్రసక్తి. సినిమాలో నటి ముఖము క్షణక్షణమునకు మారును. 1947 నాటి పల్నాటి యుద్ధములో కన్నాంబగారును, 1966 నాటి చిత్రములో భానుమతిగారును నాగమ్మ వేషము ధరించిరి. వారికి కనురెప్ప కదిపిన చాలును. దృశ్యనవలలోని బొమ్మ కదలదు. ఒక బొమ్మను తీసి దానిచోట మరియొక బొమ్మను నిలుపుటయే యిందలి అభినయము. కావున ఏ పాత్రకు ఎన్ని ముఖములు, ఎన్ని భంగిమలు కావలయునో ముందుగనే లెక్కవేసికొనకున్న, పని సగములో నాగిపోవుట తథ్యము.

మన తోలుబొమ్మలాటవారు ఈ లెక్కను ఏనాడో ఎరుగుదురు. నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020 లో పద్మశ్రీ లభించిన సంగతి మీలో పలువురు ఎరిగియుందురు. ఆ యాటలో రాముడొక్కడే యైనను సందర్భమునుబట్టి వేర్వేరు బొమ్మలుండును. పాత్రలు చాలవరకు ప్రక్కముఖముతో నుండగా, పదితలలును కనబడవలసిన రావణుడు మాత్రము మనకెదురుగా చూచును. బొమ్మ ముఖము మారదు. భుజముకడను, మోచేతికడను గల కీళ్లును, ఆడించువాని గొంతును ఆ లోటు తీర్చును. మా దృశ్యనవలలో నిది తారుమారు. చేతులు కదలవు, గొంతు వినబడదు. కావున భారమంతయు ముఖముమీద పడును.

మేము వేసికొన్న లెక్క యిది. మొదటి ప్రయత్నమునకు నాలుగు పాత్రలే చాలునని నిశ్చయించితిమి. నాగమ్మకు మూడు భంగిమలు, ఏడు ముఖములు. బ్రహ్మనాయునికి రెండు భంగిమలు, ఆరు ముఖములు. మాంచాలకును బాలచంద్రునకును తలకు రెండేసి భంగిమలు, అయిదేసి ముఖములు. దేహమును వేరుగను, ముఖమును వేరుగను వ్రాసి ఒకదానిపై నొకటి అమర్చిన యెడల, తొమ్మిది దేహములు, ఇరువదిమూడు ముఖములు కలిసి 32 చిత్రములతో 53 రూపములు సిద్ధించును. ఇందులకొక నియమమున్నది. అన్ని భంగిమలలోను తల యొకే వైపునకు, ఒకే వంపుతో నుండవలెను. లేనిచో ముఖము మెడపై నతుకదు. భర్తకు కత్తి యందించునప్పటి మాంచాల తలవంచినది గనుక, ఆ రూపమునొక్కదానిని ముఖముతో సహా వేరుగ వ్రాయవలసినదే. అంతటితో 33 చిత్రములు, 54 రూపములు.

భంగిమలను నిర్ణయించునపుడు చేతులకు పని కల్పించుట ముఖ్యము. ఊరక వ్రేలాడు చేతులు ఏ భావమును తెలుపవు. నాగమ్మకు నిలుకడగా నిలిచి చేతులు కట్టుకొన్న భంగిమ యొకటి, సభలో మాటాడుచు అరచేయి చాచిన దొకటి, కొంగును పిడికిట బిగించినది మూడవది.

స్త్రీలమగు మనము మాత్రమే వెంటనే పట్టుకొనగల సూక్ష్మ మొకటి యిచ్చట చెప్పవలెను. పాత్ర కుడివైపునుండి యెడమవైపునకు మారినపుడు బొమ్మను అద్దములోని నీడవలె త్రిప్పివేయుట పలువురు పాటించు సులభోపాయము. అట్లు త్రిప్పిన యెడల ఎడమభుజముమీది పైట కుడిభుజము మీదికి వచ్చును. ముక్కుపుడక యీ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దాటును. బాలచంద్రుని కత్తి యెడమచేతి కెక్కును. తోలుబొమ్మను త్రిప్పినప్పుడును ఇట్లే జరుగును గాని, దీపపు వెలుగులో యుద్ధము చూచువా రది యెంచరు. మా కథలో నాగమ్మ మూరెడు దూరమున, అక్షరములకు పైన, ఎంతసేపైనను నిలిచియుండును. పైట తప్పిన మన కన్ను దానినే చూచును, మాట వినదు. అందుచేత నాగమ్మ యెప్పుడును తెరకు కుడివైపుననే నిలుచునట్లు ఘట్టములను కూర్చుకొంటిమి.

ఇక ముఖభావములు. మన శాస్త్రకారులు ఈ విషయమున మిక్కిలి ఉదారులు. భరతముని దృష్టిభేదములు ముప్పదియారు, కనుబొమల వ్యాపారములు ఏడు చెప్పెను. నందికేశ్వరుడు అభినయదర్పణమున చూపులను ఎనిమిదింటికి కుదించెను. ఆ గ్రంథమును మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆనందకుమారస్వామితో కలిసి 1917 లో ఆంగ్లమునకు తెచ్చిరి. ఇన్ని భేదములను అరచేతి ఫోనులో చూపుట వట్టిమాట. అచ్చట ముఖము బొటనవ్రేలి గోరంత. అంతటి చిన్నదనములో మిగులునవి మూడే: కనుబొమ వాలు, కనుపాప నిలిచిన చోటు, పెదవి కొన. కావున అమ్మాయి ముఖము వ్రాసిన వెంటనే దానిని గోరంతకు తగ్గించి, కథ యెరుగని మా చిన్నవానికి చూపి, "ఈమె కేమైనదిరా?" యని యడుగును. వాడు తడుముకొనిన యెడల ఆ ముఖము మరల వ్రాయవలసినదే.

అమ్మాయి మొదట వ్రాసిన పట్టికలో బ్రహ్మనాయునికి శాంతము, కరుణ, చిరునవ్వు, చింత, శోకము, ధైర్యము అని యారు భావములుండెను. నాగమ్మకు కోపము, గర్వము, కపటపు నవ్వు అని మూడే యుండెను. మా యత్తగారు కండ్లద్దములు సవరించుకొని ఆ కాగితమును చదివిరి. "మూడేనటే? అన్నేండ్లు మంత్రిత్వము చేసిన మనిషి ప్రొద్దస్తమానము పండ్లు కొరుకుచు కూర్చుండునా? ఆమెకు అలుపు రాదా?" అనిరి. అమ్మాయి బదులు చెప్పక కాగితమును మడిచి లోనికి పోయినది.

ఆ మౌనమునకు కారణము మాకు తెలియును. పల్నాటి లోగిళ్లలో ఎదురుప్రశ్న వేయు ఆడపిల్లను "నాయకురాలు" అని యెత్తిపొడుచుట మేము బాల్యమునుండి వినుచున్నాము. మొన్న సంక్రాంతికి బంధువుల యింట, మగపిల్లవానిని పట్టణమునకు చదువ పంపి వాని యక్కను మాన్పించుట యేల యని మా అమ్మాయి యడుగగా, పెద్ద లొకరు నవ్వుచు ఆ పేరే పెట్టిరి. అందరును నవ్విరి, అదియు నవ్వినది. ఆ రాత్రి పక్కమీద, "అమ్మా, నాగమ్మ చేసినదంతయు చెడ్డయేనా?" అని యడిగినది. ఆ ప్రశ్నకు ఒక్కమాటలో ఉత్తరము చెప్పుట మా తరము కాలేదు. బొమ్మల పట్టిక యొద్ద ఆ ప్రశ్నయే మరల మా ముందు నిలిచినది.

పాత్రకు మనమిచ్చిన ముఖములే ఆ పాత్ర పొందగల భావములు. ఇచ్చినవి మూడే యైన, నాలుగవది యామె యెన్నటికిని పొందజాలదు. ఘట్టమెంత చక్కగ వ్రాసినను నిష్ఫలము. అంతియే కాదు. కోడిపోరునకు ముందే నాగమ్మ మోమున కపటపు నవ్వు పెట్టితిమా, చదువరికి ఎంపిక మిగులదు. ఆమెను నమ్ముదునా, నమ్మకుందునా యను సంశయములోనే గదా యిట్టి కథలకు ప్రాణమున్నది! ఉత్తరమును ముఖముమీదనే వ్రాసి ప్రశ్న యడుగుట యేల?

కావున పట్టికను ప్రక్కనుంచి ఘట్టముల నుండి మొదలిడితిమి. ప్రతి పలుకు ప్రక్కనను, అది పలుకునప్పుడు మనస్సెట్లుండునో పెన్సిలుతో వ్రాసితిమి. నాగమ్మకు వచ్చినవి పదునాలుగు. ఒకదాని కొకటి దగ్గరగ నున్నవానిని కలుపగా ఏడు మిగిలినవి: సహజము, ఆలోచన, చిరునవ్వు, కోపము, గర్వము, అలసట, శోకము. సగమునకు మించిన పలుకులకు సహజముఖమే సరిపడినది. కపటపు నవ్వును తీసివేసి, నిజమైన నవ్వునకును కపటమునకును ఒకే చిరునవ్వు నుంచితిమి. లోకములో నవ్వుపై ముద్ర యుండదు గదా. మాటలనుబట్టి చదువరియే తెలిసికొనవలెను. శోకముఖమును కారెంపూడి యుద్ధానంతర ఘట్టమునకు మాత్రమే దాచితిమి. బ్రహ్మనాయునికి ధైర్యమునకు బదులు మొండిపట్టు నొసగితిమి. కోడిపుంజుపై రాజ్యమును ఒడ్డుటకు సమ్మతించినవారు ఇరువురు గదా!

ఇది తెలిసి బంధువులలో నొకరు, కార్తీక అమావాస్యనుండి అయిదుదినములు కారెంపూడిలో వీరులను పూజించు సీమయిది, నాగమ్మను మంచిదానిగా చూపిన జనులు మెత్తురా యని హెచ్చరించిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. అయిన మేము కథలో నొక్క సంఘటననైనను మార్చలేదు. కోడిపోరు జరిగినట్లే జరుగును, అలరాజు తిరిగిరాడు, బాలచంద్రుడు రణమున కూలును. నాగమ్మ చేసినదానికి నాగమ్మయే బాధ్యురాలు. చేయునప్పుడు ఆమె మనుష్యస్త్రీవలె కానవచ్చుటయే మేము కోరినది. రాక్షసి చేసిన తప్పునుండి ఎవరేమి నేర్చుకొందురు?

ఇప్పటికి నాగమ్మ బొమ్మలు పూర్తియైనవి. బ్రహ్మనాయుని పని సాగుచున్నది. అలసట ముఖము నెట్లు వ్రాసితివని యడుగగా, నెలాఖరున పచారీకొట్టు లెక్క చూచుకొనుచున్న మమ్మును చూచి వ్రాసితినని అమ్మాయి చెప్పినది. మా యత్తగారు ఆ బొమ్మను చూచి, "ఈమె నాకు తెలిసిన మనిషివలె నున్నదే!" యనిరి. సహజముఖమునకు ఎవరిని చూచితివని మేమడుగలేదు. చేతులు కట్టుకొని సూటిగా చూచు ఆ నాగమ్మ కనుబొమలు మా అమ్మాయివే.

మీ యిండ్లలోని పిల్లలు ఇట్టి పనికి పూనుకొన్నయెడల, ముందు ఘట్టములు వ్రాయించి, ఆ పిమ్మట ముఖములు లెక్కింపుడు. పట్టిక మీ చేతికి వచ్చినపుడు అందు ఎవరికి తక్కువ ముఖములున్నవో మొదట చూడుడు; అవి యేల తగ్గెనో పిల్లలతో కూర్చుండి మాటాడుడు. మాకు బొమ్మలకన్న ఆ సంభాషణయే యెక్కువ లాభమైనది.