ఆరు నిమిషాల ఆకాశం

లాస్ క్రూసెస్ ఊరు దాటి తూర్పుగా వెళ్తే రోడ్డు ఆర్గన్ కొండలెక్కుతుంది. కనుమ దాటగానే టులరోసా లోయ మొత్తం ఒక్కసారిగా కళ్లబడుతుంది. ముళ్లపొదలు తప్ప పచ్చదనం లేని నేల. న్యూ మెక్సికోలోని ఈ లోయలోనే 1945 జులైలో అమెరికా సైన్యం వైట్ శాండ్స్ పరీక్షా క్షేత్రాన్ని తెరిచింది. వారం తిరిగేసరికి దాని ఉత్తరపు కొసన తొలి అణుబాంబు పేలింది. ఇప్పటికీ క్షిపణి పరీక్షలున్నప్పుడు ఈ హైవేను కాసేపు మూసేస్తుంటారు.

ఇక్కడి మ్యూజియంలో వీ-2 రాకెట్‌కు ప్రత్యేకంగా ఓ భవనమే ఉంది. 14 మీటర్ల పొడవు. 1946 మే 10న ఇక్కడి నుంచి విజయవంతంగా లేచిన మొదటి వీ-2 ఏ పసుపు, నలుపు రంగుల్లో ఉండేదో, దీనికీ ఆ రంగులే వేశారు. జర్మనీ నుంచి పట్టుకొచ్చిన ఆయుధం ఇది. లండన్ మీద పడ్డవి ఇలాంటివే. వీటిని తయారుచేసిన సొరంగాల్లో వేలమంది ఖైదీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది తెలిసి దీని ముందు నిలబడితే మెచ్చుకోలు మాట నోటికి రాదు.

నేను వచ్చింది ఏరోబీ రాకెట్ కోసం. ఆరుబయట బారులు తీరిన క్షిపణుల మధ్య అది సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది. దాని ఒళ్లు 38 సెంటీమీటర్ల మందం, అంతే. రెండు చేతులూ చాపితే కావలించుకోవచ్చు. చుట్టూ ఉన్నవాటిలో చాలావరకు ఎవరినో ఒకరిని చంపడానికి చేసినవి. ఇది మాత్రం కొలతల కోసమే పుట్టింది. పైకి వెళ్లడం, గాలి పీడనమో సూర్యకాంతో కాస్మిక్ కిరణాలో కొలిచి రేడియోలో కిందికి చెప్పడం, పడిపోవడం. కక్ష్యలో తిరిగే పని దీనికి లేదు.

దీన్ని కోరినవాడు శాస్త్రవేత్త జేమ్స్ వాన్ అలెన్. యుద్ధం ముగిశాక శాస్త్రవేత్తలకు వీ-2లు దొరికాయి గానీ, అవి కొన్నే. పైగా భారీవి, ఖర్చెక్కువ. పరికరాల బరువు చాలక ముక్కులో సీసం నింపిన సందర్భాలూ ఉన్నాయి. అప్పటికే ఫ్రాంక్ మలీనా బృందం చేసిన వాక్ కార్పొరల్ అనే చిన్న రాకెట్ 1945 అక్టోబరులో ఇక్కడి నుంచే 70 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చింది. కానీ అది మోయగలిగింది పదకొండు కిలోలు. దాన్నే పెంచి, 68 కిలోలు మోసేలా ఏరోజెట్ కంపెనీ ఏరోబీని తయారుచేసింది. 1947 నవంబరులో లేచిన మొదటిది పక్కకు ఒరుగుతుంటే 35 సెకన్లకే ఇంజన్ ఆపేయాల్సి వచ్చింది. 1948 మార్చి 5న ఎగిరింది 117 కిలోమీటర్లు అందుకుంది.

పనితీరు చాలా సాదా. ఒక ట్యాంకులో పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లం, ఇంకో ట్యాంకులో అనిలీన్ మిశ్రమం. ఒత్తిడిలో ఉన్న గ్యాసు రెండిటినీ మండే గదిలోకి తోస్తుంది. ఒకదానికొకటి తగలగానే భగ్గుమంటాయి, వేరే నిప్పు అక్కర్లేదు. మొదటి రోజుల్లో దారి చూపే యంత్రాంగమేమీ లేదు. అందుకే నలభై మీటర్లకు పైబడ్డ టవర్‌లో పట్టాల వెంట పైకి పంపేవారు. బయటపడే వేళకు రెక్కలకు గాలి పట్టు దొరికేంత వేగం వచ్చేది. ప్రయోగానికి ముందు బెలూన్లు వదిలి గాలివాటు చూసి, దానికి తగ్గట్టు టవర్‌నే కాస్త వంచేవారు. ఆ లెక్కలు కట్టినవాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఇక్కడున్నది ఏరోబీ 170. దీన్ని మొదట ఎత్తేది నైకీ బూస్టర్. విమానాల్ని కూల్చే క్షిపణి కోసం చేసిన మోటారు అది. దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. 1963 నవంబరు 21న తుంబా తీరం నుంచి మన దేశపు తొలి ప్రయోగంగా లేచిన నైకీ-అపాచీకి అడుగున ఉన్నదీ ఈ రకం బూస్టరే. ఆయుధం కోసం చేసిన మోటారుతో మన అంతరిక్ష చరిత్ర మొదలైంది.

ఏరోబీల్లో కోతుల్నీ పంపారు. 1951 సెప్టెంబరులో ఆరో ఆల్బర్ట్ అనే కోతి పదకొండు ఎలుకలతో వెళ్లి ప్రాణాలతో దిగింది. ఎడారి ఎండలో గూడు ఉడికిపోయింది. రెండు గంటలకు కోతి చనిపోయింది. మరుసటి ఏడు వెళ్లిన పట్రీషియా, మైక్ అనే కోతులు మాత్రం బతికి బయటపడ్డాయి.

నన్ను ఇంతదూరం రప్పించింది 1962 జూన్ 18 రాత్రి. సూర్యుడి ఎక్స్-రేలు తగిలి చంద్రుడు కూడా ఎక్స్-రేలు వెదజల్లుతాడేమో చూద్దామని శాస్త్రవేత్త రికార్డో జక్కోని, ఆయన సహచరులు మూడు గైగర్ కౌంటర్లు అమర్చారు. గాలి పొర ఎక్స్-రేలను కిందికి రానివ్వదు కాబట్టి దాన్ని దాటి వెళ్లి తీరాలి. అంతకుముందు ఒకసారి రాకెట్టే మొరాయించింది, మరోసారి పరికరాల తలుపు తెరుచుకోలేదు. ఈసారి అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు ఏరోబీ లేచింది. ఒక కౌంటర్ పనిచేయలేదు. 80 కిలోమీటర్ల పైన గడిపింది 350 సెకన్లు, అంటే ఆరు నిమిషాలు కూడా కాదు. రాకెట్ గిర్రున తిరుగుతూ ఆకాశాన్ని గాలించినప్పుడల్లా ఒకే వైపుకు రాగానే కౌంటర్ల లెక్క ఎగిసిపడింది. ఆ వైపున్నది చంద్రుడు కాదు.

అది వృశ్చికరాశి, మన జ్యేష్ఠా నక్షత్రం ఉన్న రాశి. సౌరకుటుంబం అవతలి నుంచి వచ్చే ఎక్స్-రేలు అంత బలంగా ఉంటాయని అప్పట్లో ఎవరూ ఊహించలేదు. తోటి తార నుంచి పదార్థాన్ని లాక్కుంటున్న న్యూట్రాన్ తార అక్కడుందని తర్వాత తేలింది. జక్కోనికి 2002లో నోబెల్ వచ్చింది. 1970లో ఎక్స్-రేల కోసమే ఉహురు ఉపగ్రహం ఎగిరింది. 1985 జనవరిలో చివరి ఏరోబీ కూడా ఈ లోయ నుంచే లేచింది. అప్పటికి వెయ్యికి పైగా ఎగిరాయి. ఆ రాత్రి మొదలైన దారిలోనే 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్ ఎక్స్-రే ఆకాశాన్ని ఏళ్ల తరబడి చూసింది.