తాతగారి పేరిట ఒక ఫౌండేషన్

ఎం.వి. ఫౌండేషన్ పేరు మీరు వినే ఉంటారు. ఆ ‘ఎం.వి.’ ఎవరని అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. ఆయన మామిడిపూడి వెంకటరంగయ్యగారు. నెల్లూరు జిల్లాలో 1889లో పుట్టిన పండితుడు. ఆంధ్రలో స్వాతంత్ర్యోద్యమ చరిత్రను నాలుగు సంపుటాలుగా కూర్చిన మనిషి. ఆయన పేరు మీద 1981లో కుటుంబంవాళ్లు ఈ సంస్థ పెట్టారు. మొదట్లో అది పరిశోధనల కోసమే. ఊళ్ల బాట పట్టించింది మనవరాలు శాంతా సిన్హాగారు.

ఆవిడ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. కార్మికుల చదువు కోసం నడిచే శ్రామిక విద్యాపీఠం పని మీద రంగారెడ్డి జిల్లా ఊళ్లు తిరుగుతుంటే, జీతాలకున్నవాళ్లలో పిల్లలు కూడా ఎంతోమంది కనిపించారు. తండ్రి తెచ్చిన అప్పుకి కొడుకు దొర ఇంట్లో గొడ్లు కాయడం అక్కడ మామూలు సంగతి. అలాంటి వెట్టి నుంచి విడిపించిన పిల్లల్ని బడికి సిద్ధం చేద్దామని 1987లో మూడు నెలల శిబిరం పెట్టారు. ఆ ఆలోచననే 1991లో ఫౌండేషన్ భుజాన వేసుకుంది. మొదలుపెట్టింది కొద్ది ఊళ్లలోనే.

శిబిరం ఎందుకంటారా? పన్నెండేళ్లవాణ్ని తీసుకెళ్లి ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చోబెట్టండి. సిగ్గుతో తల ఎత్తడు, రెండో రోజుకి మళ్లీ గొడ్ల దగ్గరే ఉంటాడు. అందుకని తన ఈడువాళ్లతో కలిసి కొన్ని నెలలు అక్కడే తిని, అక్కడే పడుకుని, పాటలతో కథలతో మొదలుపెట్టి అక్షరాలు, లెక్కలు పట్టుకుని, వయసుకు తగ్గ తరగతిలోకి వెళ్తాడు. దీన్నే బ్రిడ్జి కోర్సు అన్నారు.

నాకు ఈ సంస్థ మీద ఇంత గౌరవం ఎందుకో చెప్పనా? తమ పేరుతో బళ్లు కట్టుకుంటూ పోలేదు. శిబిరం అయ్యాక పిల్లలు చేరాల్సింది సర్కారు బడిలోనే అన్నారు. పగలంతా పని, రాత్రి చదువు అనే రాత్రి బడుల పద్ధతినీ ఒప్పుకోలేదు. బడికి వెళ్లని పిల్లలంతా బాలకార్మికులే, పగటి బడి తప్ప మరో దారి లేదు అని గట్టిగా నిలబడ్డారు. ‘పేదవాళ్లకి పిల్లల కూలి లేకపోతే ఎలా గడుస్తుంది?’ అని పెద్దపెద్దవాళ్లే వాదించిన కాలం అది. పిల్లాణ్ని పంపినందుకు తల్లిదండ్రులకు డబ్బేమీ ఇవ్వలేదు. అయినా పంపారు. చదివించాలన్న కోరిక వాళ్లకి ముందునుంచీ ఉంది. బడి గడప దాటించే మనిషే లేడు. ప్రభుత్వ టీచర్లు కూడా బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ పనిలో దిగారు. అది నాకు మరీ ఇష్టమైన ఘట్టం.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలు చూశారా? క్రాసింగ్ పని అంటారు. సాయంత్రం ఒక్కో మొగ్గనీ గోటితో విప్పి లోపలి కేసరాలు గిల్లెయ్యాలి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. చేలో ఎన్ని మొగ్గలుంటే అన్నిసార్లు. చిన్న వేళ్లయితే బాగా ఆడతాయని, కూలి తక్కువని, ఇంటివాళ్లకి ముందే అడ్వాన్సు ఇచ్చి ఆడపిల్లల్ని కుదుర్చుకునేవారు. 1986 బాలకార్మిక చట్టంలోని నిషేధం ప్రమాదకరమన్న కొన్ని పనులకే. చేలో పని దాని కిందికి రాలేదు. ఒంటికి పురుగుమందు వాసన పట్టిన ఆ పిల్లకి ఆ చట్టం అండగా నిలవలేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదనే సవరణ 2016కి గానీ రాలేదు. అందులోనూ సొంత ఇంటి పనికి సందు వదిలారు. అది నాకిప్పటికీ మింగుడుపడదు.

శాంతా సిన్హాగారికి 1998లో పద్మశ్రీ, 2003లో మెగసెసే అవార్డు వచ్చాయి. 2007లో జాతీయ బాలల హక్కుల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. బడి మధ్యలో మానేసినవాళ్లకి ప్రత్యేక శిక్షణ ఇచ్చి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలని 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. ఆ మాట చదివినప్పుడల్లా రంగారెడ్డి జిల్లా శిబిరాలే నా మనసులో మెదులుతాయి.

మీ వీధిలో బడికి పోని ఆరు నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్ల కనిపిస్తే ప్రభుత్వ బడి హెడ్మాస్టరుగారి చెవిన వేయండి. టీసీ లేదనో, పుట్టినతేదీ కాగితం లేదనో, సంవత్సరం మధ్యలో వచ్చారనో తిప్పి పంపడానికి ఇప్పుడు వీల్లేదు.