నాగసాకిలో నొక వానదినము

గడచిన వేసవి సెలవులలో, టోకియో నగరమున నుద్యోగము చేయుచున్న నా తమ్ముని ప్రోద్బలమువలన, నేనును నా భార్యయు నతని కుటుంబముతో గూడ యోకొహామా రేవున నోడ యెక్కి, జపాను తీరము వెంబడి కొన్ని దినములు ప్రయాణము చేసితిమి. ఓడను వర్ణింప బూనితినేని యీ సంచికలో నితరులకు చోటుండదు. పెద్ద హోటలొకటి నీటిమీద తేలుచున్నదని తలంచుకొనుడు, అది చాలును. నేను చెప్పదలచినది నాగసాకి రేవున గడపిన యొక్క దినమును గూర్చియే.

ఆ ఊరు కొండల నడుమ నున్నది. 333 మీటర్ల యెత్తుగల ఇనాస కొండ యెక్కినచో నగరమంతయు కనబడునని తమ్ముడు చెప్పియుండుటచే, ఓడ యెక్కినది మొదలు నా మనస్సంతయు నా కొండమీదనే యుండెను. తెల్లవారి తెర తొలగించి చూతును గదా, కొండయు లేదు, ఊరును లేదు. అంతయు మేఘమును వానయును. సాయంకాలమునకు ఓడ కదలిపోవును. "ప్రభువా, యీ మేఘముల నొక్కపూట తొలగింపుము" అని ప్రార్థించితిని. ఇంత స్వల్పకార్యమునకు ప్రార్థనయా యని నా భార్య నవ్వెను. వాన హెచ్చెనే గాని తగ్గలేదు.

"అన్నయ్యా, పైకి పోయినను తెల్లగోడను చూచినట్లే యుండును. పిల్లలతో మేమోడలోనే యుందుము" అని తమ్ముడనెను. రెండు గొడుగులు తీసికొని మేమిద్దరమే దిగితిమి.

రేవునకు సమీపముననే, 1864లో ఫ్రెంచి పాదిరీలు కట్టించిన ఓవురా దేవాలయ మున్నది. జపానులో 1614 మొదలు క్రైస్తవమతము నిషేధింపబడియుండెను. 1865 మార్చి 17వ తేదీన ఉరకామి గ్రామస్థులు కొందరీ గుడికి వచ్చి, తమ విశ్వాసమును ఆయన విశ్వాసమును ఒక్కటేయని పెతిజాను అను పాదిరితో రహస్యముగ జెప్పిరి. పాదిరి లేక, గుడి లేక, రెండువందల యేబది యేండ్లు తలిదండ్రులు బిడ్డలకు నేర్పుచు దాచుకొనిన విశ్వాసమది! ఆదివార మించుక చినుకు పడిన గుడి మానుకొను మనము (నన్నును కలుపుకొనియే చెప్పుచున్నాను) ఆ రాతిమెట్లమీద నిలిచి సిగ్గుపడవలసినదే.

ఆ ఉరకామిని చూడవలెనని ట్రామెక్కితిమి. తడిసిన చీరకొంగుతో వణకుచున్న నా భార్యను చూచి వృద్ధురా లొకతె తన సంచినుండి చేతిగుడ్డ తీసి యిచ్చెను. తుడుచుకొని తిరిగి యియ్యబోగా, వద్దని చేయి ఊపి దిగిపోయెను.

ఉరకామిలో, ఆ రహస్య విశ్వాసుల సంతతివారు కట్టుకొనిన పెద్ద దేవాలయమునకు దాదాపు 500 మీటర్ల దూరముననే, 1945 ఆగస్టు 9వ తేదీ ఉదయము 11 గంటల 2 నిమిషములకు, ఆకాశమున అణుబాంబు ప్రేలినది. ఆ యేటి చివరకు సుమారు 74,000 మంది మరణించిరి. ఉరకామి క్రైస్తవులు 12,000 మందిలో 8,500 మంది పోయిరి. ఆ సమయమున గుడిలో పాపముల నొప్పుకొనుచున్నవారిలో నొక్కరును మిగులలేదు. 1959లో దేవాలయమును మరల కట్టిరి గాని, నాడు కూలిన గంటగోపురము నేటికిని ప్రక్కవాలున నట్లే పడియున్నది. దానిమీద వాన కురియుచుండెను. మ్యూజియములో 11 గంటల 2 నిమిషములకు నిలిచిపోయిన గోడగడియారమును చూచితిమి.

తరగతిలో నెన్నియోసార్లు నేను చెప్పిన సంగతి యొకటి అచ్చట జ్ఞప్తికి వచ్చినది. ఆ దినము విమానము గురిపెట్టినది నాగసాకికి కాదు, కోకుర పట్టణమునకు. అచ్చట మేఘములును పొగయు క్రమ్ముకొనుటచే, మూడుసార్లు యత్నించియు గురి కనబడక, నాగసాకికి మరలినది. ఇచ్చటను మబ్బే. కడపట మేఘముల నడుమ నొక సందు దొరకినది.

ఉదయమున నేను కోరినది యట్టి సందునే.

ఓడ చేరినతోడనే "ఏమి చూచితిరన్నయ్యా, యీ వానలో?" అని తమ్ముడడిగెను. నేను బదులు పలుకకపోవుట చూచి, నా భార్య యా చేతిగుడ్డ సంగతి చెప్పెను.

బడి తెరచిన పిమ్మట పదవ తరగతిలో నిదంతయు, నా ప్రార్థనతో సహా, చెప్పితిని. వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "మాస్టరుగారూ, ప్రార్థన చేయువారు ఉరకామిలోనే గదా యెక్కువ? మరి మేఘములు కోకురను దాచినవేమి?" అని యడిగెను. తరగతిలో నెవ్వరును నవ్వలేదు. రేపు చెప్పెదనని కూర్చుండ బెట్టితిని.

ఇంకను చెప్పలేదు. నేను వసారాలో నెదురుపడినప్పుడెల్ల అతడు నమస్కరించి, ఒక క్షణము నిలిచి పోవుచున్నాడు. మార్చి నెలలో పరీక్షలు వ్రాసి వెళ్లిపోవును.