ఎదుట వెలిగిన దీపం

ఈ వేసవిలో పాన్‌గల్ ఇల్లు సర్దుతుంటే, అటక మీది ట్రంకుపెట్టెలో పట్టాదారు కాగితాల అడుగున నాయన ఎక్స్‌రే ఫిల్ము దొరికింది. అంచులు గోధుమరంగుకు తిరిగాయి. కిటికీకి అడ్డంగా పట్టుకుంటే, కోటగుట్ట మీది ఆకాశం నాయన పక్కటెముకల సందుల్లోంచి కనిపించింది.

అది 1989 నాటిది. నాయన పాలమూరు కూలీలందరిలాగే దేశాలు పట్టి తిరిగిన మనిషి. ఆనకట్టల దగ్గర రాయి కొట్టాడు. క్రషర్ల దగ్గర కంకర మోశాడు. నలభై దాటేసరికి దగ్గు పట్టుకుంది. పట్నంలో ఒక ఆసుపత్రిలో ఛాతీ ఫోటో తీయించాం. మొదటిది మసకగా వచ్చింది. రెండోదీ అంతే. మూడోసారి ఛాతీని రేకుపెట్టెకు ఆనించి ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టడమే ఆయనకు కష్టం. బయటికి వచ్చాక ఫిల్మును అటూ ఇటూ తిప్పి చూసి, "లోపట దీపం పెట్టి సూస్తరా బిడ్డా?" అని అడిగాడు. నేను ఇంటర్ చదువుతున్నాను. "దీపం కాదు నాయనా, కిరణాలు" అని పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

నా జవాబులో సగమే నిజమని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎక్స్‌కిరణాలు చాలావరకు ఫిల్మును పట్టించుకోకుండా దాటిపోతాయి. అందుకని ఆ రేకుపెట్టెలో ఫిల్ముకు రెండు వైపులా, కిరణం తగిలితే వెలిగే పదార్థం పూసిన తెరలుండేవి. ఫిల్ము మీద నలుపు దాదాపుగా ఆ వెలుగు చేసిన పనే. 1895 నవంబరు 8న రంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టిందే బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర చీకటిగదిలో మెరవడం వల్ల. మరుసటి ఏడు ఎడిసన్ వందలాది లవణాలను పరీక్షించి, కాల్షియం టంగ్‌స్టేట్ అంతకన్నా బాగా వెలుగుతుందని తేల్చాడు. ఆ పరీక్షలలో చేతులొడ్డిన ఆయన సహాయకుడు క్లారెన్స్ డాలీ క్యాన్సరు సోకి, చేతులు పోగొట్టుకుని, 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ పని మానుకున్నాడు. కాల్షియం టంగ్‌స్టేట్ మాత్రం 1970ల దాకా ఆసుపత్రులను ఏలింది.

తెర ఎంత బాగా వెలిగితే, ఒంటి మీద పడవలసిన కిరణం అంత తగ్గుతుంది. ఈ విద్యలోని ధర్మసూత్రం ఇదేననిపిస్తుంది నాకు. ఇప్పటి డిజిటల్ యంత్రాలలో ఎక్కువగా కనిపించేది తాలియం కలిపిన సీజియం అయొడైడ్. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని మింగితే అది యాభై వేలకు పైగా కాంతికణాలను కక్కుతుంది. అయితే తాలియం విషం. 2018లో సీసం, బ్రోమిన్, సీజియం కలిసిన పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలు ఎక్స్‌రే తెరలుగా ఆశ్చర్యపరిచాయి. అందులో సీసం ఉంది, అదీ విషమే.

ఆ సంవత్సరమే జపానులో హొసోనో బృందం రాగితో చేసిన మరో పదార్థాన్ని ప్రకటించింది. మూడు సీజియం, రెండు రాగి, అయిదు అయొడిన్ పరమాణువుల పొత్తు అది. అతినీలలోహిత కాంతి తగిలితే 445 నానోమీటర్ల దగ్గర నీలంగా వెలుగుతుంది. మింగిన ప్రతి వంద కాంతికణాలకు దాదాపు తొంభైని తిరిగి ఇస్తుంది. సీసం లేదు, తాలియం లేదు.

దాని పనితీరు చెప్పడానికి నాకు నులకమంచమే గుర్తొస్తుంది. మనిషి కూర్చుంటే నులక కుంగుతుంది; ఆ గుంటే మనిషిని అక్కడ కట్టిపడేస్తుంది. స్ఫటికంలో శక్తి పుంజుకున్న ఎలక్ట్రానూ అంతే. తన చుట్టూ ఉన్న పరమాణువుల అల్లికను కుంగదీసి, ఆ గుంటలో తానే చిక్కుకుంటుంది. కుంగడానికి కొంత శక్తి ఖర్చవుతుంది గనుక, వెలువడే కాంతి మింగిన కాంతికన్నా బాగా బలహీనమైనది. ఆ బలహీనతే వరమైంది. తాను పుట్టించిన వెలుగును తానే మళ్లీ మింగే శక్తి ఆ స్ఫటికానికి లేదు, వెలుగు బయటపడుతుంది.

ఈ పొత్తులోనే పాళ్లు మార్చి సీజియం తగ్గిస్తే, అదే కుటుంబంలో పసుపుగా వెలిగే మరో స్ఫటికం వస్తుంది. నీలమూ పసుపూ కలిస్తే తెల్లని దీపం. అయితే ఇవాళ మన ఇళ్లలో వెలిగే ఎల్‌ఈడీల లోపలి చిప్పు నీలికాంతినిస్తుంది. ఈ నీలి స్ఫటికానికి అంతకన్నా చాలా పదునైన, 300 నానోమీటర్ల దరిదాపు కాంతి కావాలి. కాబట్టి వీధిదీపం కన్నా ఎక్స్‌రే తెరగానే దీనికి భవిష్యత్తు దగ్గరగా ఉంది. అక్కడా దారి నున్నగా లేదు. ఏమీ కలపని స్ఫటికం ఇచ్చే కాంతికణాలు సుమారు ముప్పై వేలే. తాలియం కలిపితే వెలుగు బాగా పెరుగుతుంది, కానీ వదిలించుకోవాలనుకున్న విషమే మళ్లీ ఇంట్లోకి వస్తుంది.

ఇంకో కష్టం అమ్మకు బాగా తెలిసినది. ప్రతి శుక్రవారం రాగిచెంబును చింతపండూ ఉప్పూ వేసి తోముతుంది. వారం తిరక్కుండానే మళ్లీ చిలుము. ఈ స్ఫటికంలో రాగి ఒక ఎలక్ట్రానును మాత్రమే కోల్పోయి ఉంటుంది. అప్పుడే వెలుగు. గాలి తగిలి రెండోదీ పోతే వెలుగు మందగిస్తుంది. తడి తగిలితే సీజియం అయొడైడ్ కరిగిపోయి, నీలం స్ఫటికం పసుపుదిగా మారిపోతుంది. అందుకే దాన్ని ప్లాస్టిక్ పొరలలో, గాజులో పొదిగి కాపాడుతున్నారు. చెంబునైతే తోముకోవచ్చు, తెరను తోమలేం.

ఇవన్నీ ఇప్పటికీ ప్రయోగశాలల గడప దాటి ఆసుపత్రుల దాకా రాలేదు. నేను పొగడ్త రాయడం లేదు. నాయనకు ఆ మూడు ఫోటోల వల్ల హాని జరిగిందని అనడం కూడా అన్యాయమే. ఛాతీ ఎక్స్‌రే ఒకటి ఒంటికిచ్చే కిరణభారం సుమారు 0.1 మిల్లీసీవర్ట్, నేలనుంచీ ఆకాశంనుంచీ పది రోజులలో మనకు ఎలాగూ అంత అందుతుంది. ఆయనను తీసుకుపోయింది రాతిదుమ్ము. ఫిల్ము దాన్ని చూపించింది గాని, చూసేసరికే ఆలస్యమైంది. అయినా పసిపిల్లలకూ, పదేపదే సీటీ స్కాన్ చేయించుకునేవారికీ ఆ లెక్క వేరు. ప్రతి మసక ఫోటో వెనుకా, ఇంకోసారి నిలబడవలసిన ఒళ్లొకటి ఉంటుంది.

"ఏం జూస్తున్నవ్ రా అంతసేపు?" అంది అమ్మ, చెంబు తోముతూనే. నాయన ఫోటో అన్నాను. చేతులు కడుక్కుని వచ్చి, ఫిల్మును వెలుగుకు పెట్టి, చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

ఆనాటి ప్రశ్నకు నా జవాబు సరిదిద్దుకోవాలి. దీపమే నాయనా. లోపల కాదు, నువ్వు ఛాతీ ఆనించి నిలబడిన ఆ రేకుపెట్టెలో, నీకు ఎదురుగా, కన్నుమూసి తెరిచేలోపు వెలిగి ఆరిపోయింది.