పాత లెన్సుతో నొక చిన్న ప్రయాణము

ఫొటోలు తీయువారు పురుషులు, తీయించుకొనువారు స్త్రీలును పిల్లలును అను వాడుక మన యిండ్లలో చిరకాలముగ నున్నది. 1892వ సంవత్సరమున రాజా దీనదయాళు హైదరాబాదునందు ఘోషా స్త్రీలకొఱకు జనానా స్టూడియో తెఱచినపుడు, దానిని నడపుటకు ఒక ఆంగ్లేయ వనితను నియమింపవలసి వచ్చెను. నేడు ఫోనుతో ఫొటో తీయని యిల్లాలు లేదు. అయినను కెమేరా యనగానే "అది నాకు తెలియదు" అని భర్తకో కుమారునికో అందిచ్చువారిని నేను పలువురను జూచితిని. అట్టి సోదరీమణులకొఱకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా మామగారు స్వర్గస్థులైన పిదప వారి బీరువాలో పెంటాక్స్ కె 1000 అను ఫిల్ము కెమేరా యొకటి కనబడెను. ఈ రకము 1976 మొదలు 1997 వఱకు తయారైనది. దానికి నేడు ఫిల్ము సంపాదించుట కష్టము, కడిగించుట మఱింత కష్టము. వెలుతురు కొలుచు ముల్లు చచ్చిపడి యుండెను. ముందున్న 50 మిల్లీమీటర్ల లెన్సు మాత్రము మెత్తని గుడ్డతో తుడువగానే తళతళలాడెను. పాత లెన్సు దొరికినపుడు దానిని దీపమున కెదురుగ పట్టి, లోపల సాలెగూటి దారములవంటి బూజు గలదేమో చూచుకొనవలెను. వానకాలపు తేమకు బూజు పట్టుట సామాన్యము. మామగారు మందుసీసాలలో వచ్చెడి సిలికా జెల్ పొట్లములను సంచిలో వేసి యుంచినందున మా లెన్సు బ్రదికినది.

ఆ లెన్సును నేటి చిన్న కెమేరాకు తగిలింపవచ్చునని నాకు తెలిసినది. ఎట్లన, పాత కెమేరాలో లెన్సునకును ఫిల్మునకును నడుమ ఒక అద్దము లేచి దిగుచుండును. దానికి చోటు కావలెను గనుక లెన్సు ఫిల్మునకు 45 మిల్లీమీటర్లకు పైగా దూరమున నుండును. అద్దము లేని కెమేరాలకు, అనగా మిర్రర్‌లెస్ కెమేరాలకు, ఆ చోటు అక్కరలేదు. 2008లో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు కలిసి ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిలో ఈ దూరము 19 మిల్లీమీటర్లు మాత్రమే. మిగిలిన 26 మిల్లీమీటర్లను పూరించుటకు అడాప్టరను లోహపు ఉంగర మొకటి చాలును. అందులో గాజు లేదు, యంత్రము లేదు; అడుగు లేని డబ్బావంటిది.

ఈ కెమేరాలలో బొమ్మ పడు సెన్సరు 17.3 మిల్లీమీటర్ల వెడల్పు, 13 మిల్లీమీటర్ల ఎత్తు గలది. పాత ఫిల్ము గడి వెడల్పు 36, ఎత్తు 24. కావున లెన్సు వేయు బొమ్మలో నడిమి భాగమే దీనికి దక్కును. 50 లెన్సు 100 లెన్సువలె దూరమును దగ్గఱకు తెచ్చును. చిన్న సెన్సరని కొందఱు పెదవి విఱుతురు గాని, ఏ పాత లెన్సునందైనను నడిమి భాగమే మేలైనది. అలుకుకొనిపోవు అంచులు మనకు రానేరావు. నష్టమును లేకపోలేదు. వంటిల్లంతయు ఒక బొమ్మలో పట్టవలెనన్న ఈ లెన్సు పనికిరాదు, గోడ వెనుకకు పోయి నిలువలేము గదా!

వాడిన కెమేరా నొకదానిని కొని, లెన్సు తగిలించి, మా అత్తగారిని వెంటబెట్టుకొని బయలుదేరితిని. 2023 డిసెంబరు నుండి తెలంగాణ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు గనుక ఎవరి ననుమతి యడుగవలసిన పనియు లేకపోయెను. సూర్యాపేటలో దిగి, చేరువనున్న పిల్లలమఱ్ఱికి ఆటోలో పోయితిమి. కాకతీయులకు సామంతులైన రేచెర్ల రెడ్లు కట్టించిన గుళ్ళు అచ్చట గలవు. నల్లరాతి స్తంభములు అద్దమువలె నునుపు దేఱి యుండును. అందులో ఎఱకేశ్వరాలయము 1208లో కట్టబడినది. కట్టించినది బేతిరెడ్డి భార్యయైన ఎఱకసానమ్మ. ఈ మాట చెప్పగానే అత్తగారు నడక యాపి, "ఆడామె గట్టిచ్చిందా బిడ్డా? దేవునికి ఆమె పేరే వెట్టిండ్రా?" అని అడిగిరి. అవునంటిని. ఆమె ఆ స్తంభమును చేతితో తడవుచు చాలసేపు నిలిచిరి.

ఇచట ఒక సంగతి చెప్పవలెను. మామగారు తీసిన ఫొటోలు మా యింట రెండు పెట్టెలు గలవు. అందులో అత్తగారు ఒంటరిగా నున్న ఫొటో ఒక్కటియు లేదు. పెండ్లి గుంపులో చివర, బిడ్డ నెత్తుకొని సగము మొగముతో, లేదా వడ్డన చేయుచు వంగి కనబడుదురు. ఆమె మొగము మాత్రమే గల ఫొటో ఆధార్ కార్డుమీదిది. ఫోను చూపిన "నాకెందుకు తీయ్" అని కొంగు సవరించుకొని బిగుసుకొని పోవుదురు.

మండపములో వెలుతురు తక్కువ. లెన్సుమీది ఉంగరమును 2 అను అంకెకు త్రిప్పితిని. అచట లెన్సు పూర్తిగా కన్ను తెఱచును, 22 వద్ద సూదిబెజ్జ మగును. పాత లెన్సునకు తన సంగతి కెమేరాకు చెప్పుకొను శక్తి లేదు. కావున లెన్సు లేకున్నను ఫొటో తీయుమనియు, లెన్సు పొడవు 50 అనియు ముందుగా మనమే మెనూలో చెప్పవలెను. చేతి వణుకును సరిదిద్దు ఏర్పాటున కీ రెండవది ముఖ్యము. సెన్సరు చిన్నదగుటచే చీకటిలో బొమ్మపై సన్నరవ్వ చల్లినట్లు చుక్కలు తేలును. నా కది నల్లరాతికి తగియే యున్నదనిపించినది.

ఇక దూరమును సరిచూచుట చేతిపని. ఉంగరమును మెల్లగా త్రిప్పుచుండగా తేటపడిన అంచులచుట్టు ఎఱ్ఱని గీత మెఱయును. కన్నుల యొద్ద ఆ గీత నిలుచువఱకు త్రిప్పవలెను. ఫోను రెప్పపాటులో తీసివేయును. ఎదుటివారు బిగుసుకొన్న క్షణమే దానికి చిక్కును. ఇచట నేను ఉంగరము త్రిప్పుచుండగా, నా సంగతి మఱచి అత్తగారు స్తంభముమీది చెక్కడపు పూసల వరుసలను వ్రేలితో లెక్కపెట్టనారంభించిరి. అప్పుడు మీట నొక్కితిని. యంత్రము మెల్లనిదైన కొలది ఎదుటి మనిషి తన స్థితికి తాను వచ్చునని నాకు నాడు తెలిసినది.

మఱునాడు విజయవాడ రహదారిమీదుగ కోదాడకు పోయితిమి. మిట్టమధ్యాహ్నము, లారీలు, దుమ్ము. ఎండ ఎదురుగ తగిలిన ఈ పాత లెన్సు బొమ్మమీద పలుచని మజ్జిగ పోసినట్లు చేయును. ఆపుటకు గొట్టము కొనవచ్చును. నేను కొంగు చెంగును లెన్సుపైన గొడుగువలె పట్టితిని. బస్టాండు యెదుట జామకాయల గంప పెట్టుకొన్న యామెను, "ఒక ఫొటో తీసుకోనా అక్కా" అని యడిగితిని. "కాయలు మంచిగ పడాలె" అని నియమము పెట్టి, పైకాయలను తుడిచి త్రిప్పిపెట్టెను. 8 అంకె వద్ద తీసి చూపగా కాయలను జూచుకొని సంతసించి, తన మొగమును గూర్చి ఏమియు ననలేదు. అడుగక తీయుట ఎంత సులభమో అంత తప్పని నా యభిప్రాయము. దూరమును దగ్గఱచేయు లెన్సు చేతిలో నున్నపుడు మఱియు తప్పు.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగ మిర్యాలగూడకు పోవు త్రోవ పొడవున వరిపొలములే. 1967లో నాగార్జునసాగరు నీరు వదలిన పిదప ఎడమ కాలువ యీ సీమను మార్చివేసినది. మిర్యాలగూడ చేరకమునుపే బియ్యపు మిల్లుల గొట్టములు, ఉప్పుడు బియ్యపు ఆవిరి కనబడును. ఆ గాలిలో ఊకపొడి యుండును. అచట లెన్సు ఊడదీయరాదు. సెన్సరుమీద ఒక్క నలుసు పడిన ప్రతి బొమ్మలోను ఆ మచ్చ వచ్చును. ఒక మిల్లు వాకిట కావలివాడు ఫొటోలు వలదనెను. వలదన్న మానితిమి.

సాయంకాలమునకు వాడపల్లి చేరితిమి. మూసీ వచ్చి కృష్ణలో కలియు చోటది. మెట్లమీద కూర్చుండి అత్తగారు, "ఇటియ్యి, సూస్త" అని కెమేరాను తీసికొనిరి. ఆమెకు కంటిశుక్లముల ఆపరేషన్ అయినది. అయినను ఎఱ్ఱగీత చక్కగా కనబడునట. మామగారి చేతికే అలవడిన యా ఉంగరమును ఆమె అంతకుముందు తాకి యుండలేదు. మొదట తప్పుదారిని త్రిప్పి, పిదప వెనుకకు త్రిప్పి, "కదలకు" అని నన్ను గద్దించి, రెండు నిమిషములు పట్టి ఒక ఫొటో తీసిరి. నా ముక్కు తేటగాను కన్నులు కొంచె మలుకుకొనియు వచ్చినవి. మఱియొకటి తీయవచ్చునన్న, "సాలు, మంచిగనే ఉన్నది" అనిరి.

ఫొటోలను అచ్చు వేయించునపుడు ఒక జాగ్రత్త. ఈ కెమేరా బొమ్మ నాలుగు పాళ్ళ వెడల్పునకు మూడు పాళ్ళ ఎత్తు గలది; స్టూడియోలలో వాడు కాగితము ఆఱంగుళములకు నాలుగు. చెప్పకున్న పైననో క్రిందనో కోసివేయుదురు. ప్రక్కల తెల్లని అంచు విడువుమని చెప్పవలెను. పిల్లలమఱ్ఱి ఫొటోను నే నట్లే చెప్పి వేయించితిని. అత్తగారి తలమీది రాతి పూసలు ఒక్కటియు తెగలేదు.