ఆరుగురం, ఒకే పళ్లెం

అక్కచెల్లెళ్లారా, ముందుగా మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. నిజం చెప్పాలి సుమా! పెనం మీది నుంచి దిగిన రొట్టె, దిగినది దిగినట్టే మీ కంచంలో పడి ఎన్నాళ్లయింది? అత్తమామలకు, ఆయనకు, పిల్లలకు పెట్టి, అందరూ లేచాక, చల్లారిన అన్నంలో అడుగున మిగిలిన కూర కలుపుకొని నాలుగు ముద్దలు మింగేస్తాం. అదే మన భోజనం. ఇరవై నాలుగేళ్ల సంసారంలో నాదీ అదే వరస.

మాది కరీంనగర్. మా గల్లీలో ఆరుగురం చాలా ఏళ్లుగా చిట్టీ వేసుకుంటున్నాం. రెండేళ్ల కిందట ఒక చిట్టీ రోజున మాలో అందరికంటే పెద్దదైన ఎదురింటి అక్క, "ఎప్పుడు జూసినా గీ ఛాయ్, బిస్కిట్లేనా? ఊర్లె గిన్ని కొత్త హోటళ్లు పడ్డయి. ఒక్కదాంట్లనన్న కూసొని తిన్నమా?" అంది. అందరం నవ్వాం కానీ మాట మనసులో పడింది. నెలకో హోటల్ అనుకున్నాం. మూడు షరతులు పెట్టుకున్నాం. ఇదివరకు వెళ్లని చోటు కావాలి. తలా మూడు వందలు దాటకూడదు. ఎప్పుడూ తినని వంటకం ఒక్కటైనా చెప్పాలి.

ఇంట్లో చెబితే మావారు, "వండెటోళ్లే హోటల్‌కు వోతే ఇంట్ల ఎవరు వండుతరు?" అన్నారు. "ఆ ఒక్క పూట మీరే" అన్నాను. పాపం, ఇప్పుడు పప్పుచారు బాగానే కాస్తున్నారు లెండి!

మా చిన్నతనంలో హోటల్ అంటే మగవాళ్ల చోటు. ఆడవాళ్లు వెళ్తే వెనకవైపు పరదా వేసిన ఫ్యామిలీ రూము. అదీ పక్కన అన్నో, నాన్నో ఉంటేనే. ఇప్పుడు ఆరుగురు ఆడవాళ్లం నడిమి టేబుల్ దగ్గర కూర్చుంటే ఎవరూ వింతగా చూడటం లేదు. మొదటిసారి మాత్రం మాకే కాళ్లు వణికాయి.

ఆ మొదటిసారి వెళ్లింది తెలంగాణ వంటల హోటల్‌కు. పట్టికలో సర్వపిండి చూసి అక్క నోరు తెరిచింది. సర్వపిండి తెలియని చెల్లెళ్ల కోసం చెబుతున్నాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి కలిపి, నూనె రాసిన గిన్నెలోనే పల్చగా ఒత్తి, వేలితో బొక్కలు చేసి, ఆ బొక్కల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని మంట మీద కాల్చాలి. దీన్నే కొన్ని చోట్ల గిన్నప్ప, తపాల చెక్క అంటారు. మా ఇళ్లల్లో మిగిలిన పిండితో, సాయంత్రం పిల్లలు ఆకలంటే చేసే తిండి ఇది. హోటల్‌లో ఒక్కటి ఎనభై రూపాయలు! అక్క కాసేపు వేళ్ల మీద లెక్క వేసింది. "వారానికి ఎనిమిది లెక్కన నలభై ఏండ్లు... ఓ యమ్మా, నా మొగడు నాకు ఎన్ని లక్షలు బాకీ ఉన్నడే!" అంది. వడ్డించే పిల్లవాడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

నవ్వులాటే కానీ అందులో నిజం లేదంటారా? మన చేతి వంటకు ఇంట్లో విలువ కట్టరు. అదే వీధిలోకి వస్తే ధర పలుకుతుంది. 2024లో మన రాష్ట్రంలో మహిళా సంఘాల కోసం ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు మొదలుపెట్టారు. హైదరాబాద్ సచివాలయంలో పెట్టాక, జిల్లాల కలెక్టరేట్లలోనూ వచ్చాయి. అక్కడ వండేది, అమ్మేది, లెక్కలు చూసేది అంతా మనలాంటి ఆడవాళ్లే.

పోయిన చలికాలం మా షరతు కాస్త పెంచి ఆదిలాబాద్ వెళ్లాం. మాలో ఒకరి పుట్టిల్లు అక్కడే. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, జగిత్యాల మీదుగా నిర్మల్ చేరి, అక్కడ బస్సు మారాం. నిర్మల్‌లో పొణికి చెక్కతో చేసిన పండ్ల బొమ్మలు కొన్నాం. అవి కొయ్యవంటే నమ్మలేరు, కోసుకు తినబుద్ధవుతుంది! నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపుల్లో అడవి గాలి తగిలేసరికి అందరికీ ఆకలి లేచింది.

2016లో పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలైంది కానీ, తిండి మాత్రం సరిహద్దులు చూడదు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అందుకే ఆదిలాబాద్ బజార్లో తెలుగు, మరాఠీ కలిసి వినిపిస్తాయి, కంచంలోనూ కలిసే కనిపిస్తాయి. మేము వెళ్లింది ఒక ఇల్లాలు కొత్తగా పెట్టిన చిన్న మెస్సుకు. నాలుగే బల్లలు. జొన్నరొట్టె, గుత్తివంకాయ, శనగపిండితో చేసే పిఠ్లా, పచ్చిమిర్చి వెల్లుల్లి దంచిన ఠేచా. ఆమె చేత్తో తట్టి, పెనం మీద కాల్చి, పొంగిన రొట్టెను పొంగినట్టే కంచంలో వేస్తుంటే, నేను మొదట చెప్పిన రొట్టె ఇదే కదా అనిపించింది.

మూడయింది. జనం పల్చబడ్డారు. మా అక్క ఉన్నట్టుండి, "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగింది. ఆమె "తింటనమ్మా, మీరు గానియ్యిండ్రి" అంది. ఆ "తింటను" అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా! అక్క లేచి చేతులు కడుక్కొని పెనం ముందు కూర్చుంది. ఆమెను లాగి మా మధ్య కూర్చోబెట్టింది. నాలుగు రొట్టెలు కాల్చి వేడివేడిగా పెట్టింది. మొదటి రొట్టె తింటూ ఆమె కళ్లు తుడుచుకుంది. ఠేచా కారం అంది. మేమూ సరేనన్నాం.

తిరుగు ప్రయాణంలో ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చుకున్నాం. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం వీటిని చేస్తోంది. వేసవి మొదట్లో రాలిన ఇప్పపూలను ఏరి, ఎండబెట్టి, వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లంతో ముద్ద కడతారు. మా పిల్లలకు భలే నచ్చాయి.

అన్నట్టు, మీరూ ఇలా వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. రద్దీ మొదలుకాక ముందే, పన్నెండున్నరకల్లా చేరుకోండి. ఒక ప్లేటు ఎంతమందికి వస్తుందో ముందే అడిగి, సగం చెప్పి, తర్వాత చూసుకోండి. గోడ మీద ఆహార భద్రతా లైసెన్స్, పద్నాలుగు అంకెల నంబరుతో ఉందేమో చూడండి. బిల్లులో మామూలు హోటళ్లకు జీఎస్‌టీ 5 శాతం. సర్వీస్ ఛార్జ్ మాత్రం తప్పనిసరి కాదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. మర్యాదగా అడిగి తీసేయించుకోండి.

ఇక అసలు సంగతి. గత వేసవిలో కొత్తగా తెరిచిన మండీ హోటల్‌కు వెళ్లాం. మండీ యెమెన్ దేశపు వంట. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన యెమెన్ వాళ్ల వారసులు హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నారు. మండీ రుచి అక్కడి నుంచే మన ఊళ్లకు పాకింది. బండి చక్రమంత పళ్లెంలో అన్నం, మీద మాంసం ముక్కలు, చుట్టూ పరుపుల మీద బాసింపట్టు వేసుకొని ఆరుగురం కూర్చున్నాం. ఎంగిలి అని మొదట జంకినా, చిన్నప్పుడు అమ్మ ఒకే గిన్నెలో అందరికీ ముద్దలు కలిపి పెట్టిన రోజులు గుర్తొచ్చి చేతులు కదిలాయి.

మాలో అందరికంటే చిన్నది, బట్టలు కుట్టే చెల్లె, మాత్రం తినడం లేదు. పళ్లెం ఫోటో తీసి సౌదీలో ఉన్న భర్తకు పంపింది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. అతను వెళ్లి పదహారేళ్లు. రెండేళ్లకోసారి వస్తాడు. హోటల్‌లో పని అని మాత్రమే మాకు తెలుసు.

మరునాడు జాకెట్టు ఇవ్వడానికి వచ్చి గడపలోనే కూర్చుండిపోయింది. "రాత్రి ఫోన్ జేసిండక్కా. గా పళ్లాలే నేను కడిగేది అన్నడు. రోజుకు ఎన్నో లెక్కుండదట. మరి నువ్వెప్పుడన్న తిన్నవా అంటే, కూసొని తినలే, మాకు గదిల ఖుబ్బూసు, పప్పు ఉంటది గదా అన్నడు." నాకు ఏమనాలో తోచలేదు. పదహారేళ్లు మనం పంపిన మనిషి కూడా, మనలాగే అందరూ తిన్నాకే తింటున్నాడన్నమాట.

మొన్న దసరాకు అతను వచ్చాడు. చెల్లె ఆ నెల చిట్టీ తనే తీసుకుంది. "మీరు రావద్దు, మేమిద్దరమే" అని ముందే చెప్పింది. అదే హోటల్, అదే పెద్ద పళ్లెం. అతను కడుపునిండా తిన్నాడట. తిన్నాక అలవాటు చొప్పున లేచి పళ్లెం ఎత్తబోయాడట. వడ్డించే పిల్లవాడు పరుగున వచ్చి, "ఉండనీ అన్నా, నేను తీస్త. నువ్వు కూసో" అన్నాడట.

అతను కూర్చున్నాడు. ఇద్దరూ ఇంకో గంట అక్కడే కూర్చొని చాయ్ తాగి వచ్చారు.

వచ్చే నెల మాకు ఇంకో కొత్త హోటల్ ఉంది. మీ గల్లీలో మీరెంతమంది?