జేబులో దొంగ

మా యింట్లో బట్టలుతికే యంత్రం తలుపు కిందనుంచి నీళ్ళు కారడం మొదలైంది. నేను తెలుగు ఎమ్మే. సత్తెనపల్లి కాలేజీలో సంధులు చెప్పడం నా వృత్తి. యంత్రాల సంగతి నాకేం తెలుసు? అంచేత తెలియనివాళ్ళు చేసే పనే నేనూ చేశాను. తప్పు మా ఆవిడ మీద వేశాను.

"బట్టలు కుక్కి, తలుపు దబాలున మూస్తావు. రబ్బరు చిరగక ఏమవుతుంది?"

ఆవిడ మాట్లాడలేదు. మర్నాటినుంచి పెరట్లో బండమీద చేత్తోనే ఉతకడం ప్రారంభించింది. అసలే కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులు. ఎర్రదుమ్ముకు రోజూ ఉతుకుడే. మణికట్టు నొప్పని డాక్టరు వద్దంటేనే గదా ఆ యంత్రం కొన్నది! బండమీద పడే ప్రతి దెబ్బా నా వీపుమీద పడ్డట్టుండేది.

ఆదివారం గుంటూరునుంచి కొత్త రబ్బరు తెప్పించి, మెకానిక్కు కుర్రవాణ్ణి పిలిచాను.

"ముందు ప్లగ్గు తీసి, కుళాయి కట్టెయ్యండి మాష్టారూ!" అని నా చేతికి టార్చిలైటు ఇచ్చాడు.

అప్పుడు తెలిసింది. లోపల నీళ్ళ తొట్టి ఊగుతుంది. బయటి రేకుపెట్టె కదలదు. రెంటినీ కలిపేది యీ రబ్బరే. హార్మోనియం తిత్తిలా మడతలుండబట్టే, తొట్టి ఎంత ఊగినా నీరు బయటికి రాదు. సంధి అంటే యిదే గదా అనుకున్నాను!

స్ప్రింగు తీగను లేపి, లోపలి పట్టీ వదులుచేసి, పాత రబ్బరు లాగాడు. మడతల నిండా నల్లటి బూజు. కింది మడతలో ఏదో తళుక్కుమంది. జెమ్‌క్లిప్పు! ముల్లులా విచ్చుకుని రబ్బరులో దిగబడింది.

"ఇదండీ చింపింది."

మా యింట్లో జెమ్‌క్లిప్పులు జేబులో వేసుకు తిరిగే మనిషి ఒక్కడే.

వెనక్కి తిరిగి చూతును గదా, గుమ్మంలో మా ఆవిడ! నవ్వలేదు. "కాఫీ తాగండి" అంది. అంతే. ఖద్దరు కట్టిన గాంధేయవాది వావిలాల గోపాలకృష్ణయ్యగారు 1906లో పుట్టిన ఊరిది. ఇక్కడ ఉంటూ, నా చొక్కా జేబు నేను తడుముకోవడం నేర్వలేదే అని సిగ్గేసింది.

కుర్రవాడు కొత్త రబ్బరు అంచుకు సబ్బునీళ్ళు రాసి, పైగుర్తు తొట్టి గుర్తుతో కలిపి, నీరు జారే చిల్లులు అడుక్కి వచ్చేటట్టు చూసి బిగించాడు. ఖాళీగా తిప్పి చూస్తే చుక్క కారలేదు.

"ఉతికాక మడతలు పొడిగుడ్డతో తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. బట్టలు వేసేముందు జేబులు చూడండి" అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి, "కర్త ఎవరో తేల్చకుండానే క్రియ నీకు అంటగట్టాను. తప్పు నాదే" అన్నాను.

"వ్యాకరణం రేపు చెబుదురుగాని. ఆ చొక్కా ఇటివ్వండి" అంది.

ఇవ్వలేదు. ఆనాటినుంచి మా యింట బట్టలు యంత్రంలో వేసే పని నాది. నిన్న నా జేబులో ఎర్రపెన్ను మూత దొరికింది. ఎవరికీ చెప్పలేదు.